108 సిబ్బందికి 12 గంటల డ్యూటీ: ఇంటివారికి తీరని ఎదురుచూపు

నల్లగొండ: చందంపేట మండలంలో ఏదో ఒక తండా. రాత్రి ఏడున్నర గంటలకు ఒక గర్భిణికి నొప్పులు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు 108కి ఫోను చేస్తారు. బండి వస్తుంది. ఆమెను దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రికి చేరుస్తారు. కాన్పు కష్టంగా ఉంది, నల్లగొండకు తీసుకుపొమ్మని అక్కడి డాక్టరు చెబితే బండి మళ్ళీ కదులుతుంది. మరో 60 కిలోమీటర్ల దారి. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారన్న కబురు తండాకు అందేసరికి అర్ధరాత్రి అవుతుంది. తండా అంతా ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ బండిని నడిపిన పైలట్ డ్యూటీ నిజానికి రాత్రి 8 గంటలకే ముగియాలి. అతడు తిరిగి వచ్చి, బండిలోని రక్తపు మరకలు కడిగి, ఆక్సిజన్ సిలిండరు సరిచూసి, రాత్రి డ్యూటీ మనిషికి తాళం చెవి అప్పగించి ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము రెండు గంటలు. పళ్ళెంలో మూతపెట్టిన అన్నం చల్లారిపోయి ఉంటుంది. పిల్లలు నిద్రపోతుంటారు. భార్య మాత్రం నిద్రపోదు. బండికి ఏమన్నా అయిందేమోనన్న భయం ఆమెను పడుకోనివ్వదు. ఉదయం 8 గంటలకు అతడు మళ్ళీ డ్యూటీలో ఉండాలి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. అంబులెన్సు నడిపే పైలట్లు, లోపల కూర్చుని రోగికి ప్రథమ చికిత్స చేసే ఇ.ఎం.టి.లు, అందరి ఇళ్ళలోనూ జరిగేదే. పోలీసు కానిస్టేబుళ్ళ ఇళ్ళలోనూ పరిస్థితి ఇంతకన్నా మెరుగు కాదు. ఆపద వేళ ఊరికి దిక్కయ్యే మనుషులు తమ ఇంటికి మాత్రం చుట్టపుచూపుగా వచ్చిపోయేవారు అవుతున్నారు. ఇది వారి ఇంటి గొడవ అని ఊరు చూస్తూ ఊరుకోవడానికి లేదు. ఆ ఇంట్లో కరువైన నిద్ర రేపు మన రోగిని తీసుకుపోయే బండిలో బయటపడుతుంది.

12 గంటలు పేరుకే

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు పల్లెల్లో పాము కరిచినా, పురుగుల మందు తాగినా ఎడ్లబండో, ట్రాక్టరో, ఎవరిదో జీపో దొరికే దాకా ఆగవలసిందే. ఇప్పుడు ఒక్క ఫోనుతో ఇంటి ముందుకు బండి వస్తోంది. కొత్త బండ్లు కూడా వచ్చాయి. తెలంగాణలో 2023 ఆగస్టు 1న ప్రభుత్వం ఒకేసారి 466 వాహనాలను ప్రారంభించింది. అందులో 204 బండ్లు 108 సేవలకు ఇచ్చినవే. మిగిలినవి అమ్మఒడి వాహనాలు, పార్థివ వాహనాలు.

బండ్లు పెరిగాయి గాని బండిలోని మనిషి పనిగంటలు తగ్గలేదు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఒక జట్టు, రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా మరో జట్టు. సాధారణంగా నడిచే పద్ధతి ఇదే. 8 గంటల పనిదినం కావాలని సిబ్బంది సంఘాలు అనేక పర్యాయాలు కోరాయి, సమ్మెలకు కూడా దిగాయి.

ఈ 12 గంటలు కూడా కాగితం మీది లెక్కే. చివరి అరగంటలో ఫోను వస్తే కాదనడానికి లేదు, కాదనకూడదు కూడా. నల్లగొండ ఆసుపత్రిలో చేర్చితే సరిపోయే కేసు ఒకటైతే, అక్కడి నుంచి హైదరాబాదుకు పంపే కేసు మరొకటి. అది దాదాపు 100 కిలోమీటర్లు పోవడం, అంత దూరం రావడం. ఆసుపత్రి వాకిట్లో స్ట్రెచర్ ఖాళీ అయ్యేదాకా కాచుకోవడం అదనం. ఊళ్ళ నుంచి పాయింటుకు రాకపోకల సమయం ఏ లెక్కలోకీ రాదు. ఉదయం ఐదున్నరకు లేచి, రెండు బస్సులు మారి డ్యూటీకి వచ్చే మనిషికి 12 గంటల షిఫ్టు 15 గంటల రోజు అవుతుంది.

పగటి నిద్ర ఇంటిల్లిపాదికీ కష్టం

రాత్రి డ్యూటీ వారం వస్తే ఇంటి పద్ధతే మారిపోతుంది. ఉదయం పదింటికి వచ్చి పడుకున్న మనిషికి నిద్ర చెడకూడదని పిల్లలను వీధిలోకి తోలవలసి వస్తుంది. మిక్సీ వేయకూడదు, టి.వి. పెట్టకూడదు, పక్కింటివారు గట్టిగా మాట్లాడకూడదు. ఒకటి రెండు గదుల రేకుల ఇంట్లో ఇదెంత కష్టమో చెప్పనవసరం లేదు. నల్లగొండ జిల్లా మే నెల ఎండలో రేకుల కింద మధ్యాహ్నం పూట మామూలు మనిషికే కన్ను మూతపడదు. రాత్రంతా మేలుకున్నవాడు ఫ్యాను కింద అటూ ఇటూ దొర్లి, సాయంత్రం ఎర్రబడిన కళ్ళతో లేచి మళ్ళీ డ్యూటీకి బయలుదేరతాడు.

మనిషి శరీరం వెలుగును, చీకటిని బట్టి నడిచే గడియారం. పగటి నిద్ర రాత్రి నిద్రంత సేపు సాగదు, అంత గాఢంగానూ ఉండదు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి అంటూ మార్చుతుంటే శరీరం దేనికీ అలవాటు పడదు. ఆకలి వేళ తప్పుతుంది. విసుగు పెరుగుతుంది. ఆ విసుగు బండిలో చూపించడానికి లేదు కనుక ఇంట్లో పిల్లల మీదా, భార్య మీదా పడుతుంది. ఇంట్లోవారికి అది కోపంగా కనిపిస్తుంది. నిజానికి అది నిద్రలేమి.

మహిళా ఇ.ఎం.టి.ల పరిస్థితి మరీ కష్టం. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆమెకు మంచం కన్నా ముందు పొయ్యి ఎదురవుతుంది. పిల్లలను బడికి తయారు చేయాలి, అత్తమామలకు వండి పెట్టాలి. ఇంటి పని ముగిసేసరికి పగలు సగం గడిచిపోతుంది. ఊళ్ళో ఎందరికో కాన్పు చేసిన చేతులకు తన బిడ్డను ఒడిలో వేసుకునే తీరిక లేదంటే అతిశయోక్తి కాదు.

పండుగనాడే పని ఎక్కువ

ఊరంతా సెలవు పెట్టే రోజే వీరికి పని రెట్టింపు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వేల కార్లు విజయవాడ దారి పడతాయి. చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్, కొర్లపహాడ్ టోల్‌గేటు దాకా రోడ్డు కిక్కిరిసిపోతుంది. ఎక్కడో ఒక చోట ప్రమాదం తప్పదు. ఇతరులు అత్తగారింటికి పోయే రోజున 108 సిబ్బంది రోడ్డు పక్కన కాచుకుని ఉంటారు. దసరా, బతుకమ్మ, పీర్ల పండుగ, బోనాలు, అన్నీ ఇంతే. చెల్లెలి పెళ్ళికి తలంబ్రాల వేళకు వచ్చి, భోజనం చేయకుండానే వెళ్ళిన అన్నను బంధువులు గర్విష్ఠి అనుకుంటారు. ఒకసారి రాలేదని, రెండుసార్లు రాలేదని, మూడోసారి పిలవడమే మానేస్తారు.

పొలం ఉన్న ఇళ్ళలో మరో చిక్కు ఉంది. బత్తాయి తోటకు నీళ్ళు పెట్టడం, పత్తి ఏరించడం, మిల్లుకు ధాన్యం తోలడం, అన్నీ ఇంటి ఇల్లాలి మీద పడతాయి. త్రీఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు దగ్గరకు ఆమే పోవాలి. తల్లికి బి.పి. మందులు అయిపోయినా, తండ్రిని కంటి డాక్టరుకు చూపించాలన్నా వచ్చే వారం, వచ్చే వారం అని వాయిదా పడుతూనే ఉంటుంది. జిల్లా మొత్తానికీ అంబులెన్సు నడిపేవాడు కన్నతల్లిని ఆసుపత్రికి తీసుకుపోలేకపోవడం విచిత్రమే అయినా, జరుగుతున్నది అదే.

ఇంటికి మోసుకు వచ్చే బరువు

పనిగంటలతో పాటు ఆ గంటల్లో చూసినవి కూడా ఇంటికి వెంట వస్తాయి. లారీ కింద నలిగిన పడుచువాడు, బావిలో పడ్డ పసివాడు, అప్పుల బాధతో పురుగుల మందు తాగిన రైతు, కాలిన ఒంటితో ఇల్లాలు. ఒక్కోరోజు ఇవన్నీ ఒకే షిఫ్టులో ఎదురవుతాయి. ఇంటికి వచ్చిన మనిషి తన బిడ్డను చూడగానే బావిలోంచి తీసిన బిడ్డ గుర్తుకు వస్తుంది. అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. ఏమయిందని అడిగితే ఏమీ లేదంటాడు. చెప్పుకోవడానికి అతనికి మాటలు రావు. విని తట్టుకునే ధైర్యం ఇంట్లోవారికీ ఉండదు. ఈ మౌనమే క్రమంగా భార్యాభర్తల మధ్య గోడగా మారుతుంది. కొందరు మందుకు అలవాటు పడతారు.

ఇది మన దగ్గరే ఉన్న బాధ కాదు. అమెరికాలో హ్యారియెట్ ప్రెసర్ అనే సమాజశాస్త్రవేత్త వేళకాని వేళల్లో పనిచేసేవారి సంసారాల మీద చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. పెళ్ళయి ఐదేళ్ళు నిండని, పిల్లలున్న పురుషుల్లో రాత్రి పనివారు భార్య నుంచి విడిపోయే అవకాశం పగటి పనివారికన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువని ఆమె తేల్చారు. మన పల్లెల్లో విడాకులు అంత సులభం కాదు కనుక సంసారాలు తెగిపోవడం తక్కువే. అయితే తెగకపోయినంత మాత్రాన సవ్యంగా ఉన్నట్లు కాదు.

నిద్రమత్తు కల్లు మత్తులాంటిదే

ఈ కష్టం ఆ కుటుంబాలతోనే ఆగదు. మేలుకున్న మనిషి మెదడు ఎలా మొద్దుబారుతుందో 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని వారు కనుగొన్నారు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే డ్రైవరు తాగి నడిపినట్లు లెక్క.

ఇప్పుడు చందంపేట బండిని గుర్తు చేసుకోవాలి. ఉదయం ఐదున్నరకు లేచిన పైలట్‌కు రాత్రి పదిన్నరకు 17 గంటలు నిండుతాయి. సరిగ్గా ఆ వేళకే అతడు ప్రసవ వేదన పడుతున్న స్త్రీతో నల్లగొండ రోడ్డు మీద ఉంటాడు. చుక్క తాగకపోయినా, చట్టం ఒప్పుకోని మత్తుకు సమానమైన అలసటతో స్టీరింగు పట్టుకుంటాడు. తప్పు అతనిది కాదు. బండిలో ఉన్నది మాత్రం మన బిడ్డ.

దీర్ఘకాలపు నష్టం మరొకటి ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువనీ, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా ప్రకటించాయి. 12 గంటల చొప్పున వారానికి ఆరు రోజులంటే 72 గంటలు. ఎందరి గుండెలనో ఆసుపత్రికి చేర్చే మనిషి తన గుండెను ఇలా అరగదీసుకుంటున్నాడు.

రోజు లెక్క కాదు, వారం లెక్క ముఖ్యం

విదేశాల్లో కూడా అంబులెన్సు వాళ్ళు 12 గంటలు పనిచేస్తారు కదా అనే వాదన ఉంది. అది నిజమే. ఇంగ్లండులో ప్రభుత్వ అంబులెన్సు సిబ్బందికి 12 గంటల షిఫ్టులు మామూలే. అయితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో పూర్తికాలపు ఉద్యోగి పనివారం ముప్పై ఏడున్నర గంటలు. అంటే 12 గంటల షిఫ్టులు వారానికి సగటున మూడు. మిగిలిన నాలుగు రోజులు ఆ మనిషి ఇంట్లో ఉంటాడు. మన దగ్గర 12 గంటలను మాత్రం ఆదర్శంగా తీసుకున్నారు, నాలుగు రోజుల విశ్రాంతిని వదిలేశారు. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

మన చట్టాలు కూడా వేరే చెప్పలేదు. బస్సు, లారీ కార్మికుల కోసం 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని నిర్దేశించింది. సరుకు లారీ నడిపే మనిషికి ఇంత విశ్రాంతి అవసరమని అరవై ఏళ్ళ క్రితమే గుర్తించినప్పుడు, ప్రాణాలు మోసే బండి నడిపే మనిషికి అంతకన్నా తక్కువ చాలునని ఎలా అనుకోవాలి?

పోలీసు శాఖ అనుభవం ఇక్కడ గమనించదగ్గది. కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. దేశంలో పోలీసు స్టేషన్ల సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. నెలలో ఒక్క వారాంతపు సెలవు కూడా దొరకనివారే ఎక్కువమంది. ఆ తరువాత ముంబయిలో ఒక కానిస్టేబుల్ ప్రతిపాదన ఆధారంగా 2016 మేలో దేవ్‌నార్ స్టేషనులో 8 గంటల డ్యూటీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, నగరంలోని ఇతర స్టేషన్లకు విస్తరింపజేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించారు. సెలవు ప్రకటించడం తేలిక. ఆ రోజు పని చూసే మరో మనిషి లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. ముందు మనుషులను పెంచాలన్నదే ఈ అనుభవం చెప్పే పాఠం.

ఎంతమంది కావాలి?

లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 72 గంటలు పనిచేస్తే ఒక సీటుకు రెండుంపావు మందికి కొంచెం ఎక్కువగా కావాలి. బండికి పైలట్ సీటు ఒకటి, ఇ.ఎం.టి. సీటు ఒకటి. అంటే ఐదుగురితో బండి నడిచిపోతుంది. అదే 48 గంటల వారమైతే సీటుకు మూడున్నర మంది, బండికి ఏడుగురు కావాలి. సెలవులు, జబ్బులకు మరొకరిని కలుపుకుంటే ఎనిమిది మంది. బండికి అదనంగా ముగ్గురు. కొత్త బండి కొనే ఖర్చు ముందు ముగ్గురి జీతం భారం కాబోదు. డిగ్రీలు చేతబట్టుకుని తిరుగుతున్న నర్సింగ్, ఫార్మసీ యువకులు ఊరూరా ఉన్నారు.

8 గంటల షిఫ్టు పెడితే సమస్య తీరిపోతుందా అంటే, పల్లెల్లో అంత సులువుగా తీరదు. మూడు షిఫ్టులైతే ఒకరు రాత్రి 10 గంటలకు దిగాలి, మరొకరు అప్పుడు ఎక్కాలి. ఆ వేళకు డిండి నుంచో, నేరేడుగొమ్ము నుంచో ఇంటికి పోవడానికి ఆర్.టి.సి. బస్సు ఎక్కడిది? ముఖ్యంగా ఆడవాళ్ళు ఎలా పోతారు? కాబట్టి పట్టణాల్లో 8 గంటల షిఫ్టు, దూరపు మండలాల్లో 12 గంటల చొప్పున వారానికి నాలుగే షిఫ్టులు అనే పద్ధతి మేలు. రెండింటికీ వారానికి 48 గంటలే. రెండింటికీ కావలసిన మనుషులూ అంతే. ఏది మంచిదో ఆయా పాయింట్ల సిబ్బందినే అడిగి నిర్ణయించవచ్చు.

డబ్బు ఖర్చు లేని మార్పులు కూడా ఉన్నాయి. షిఫ్టు చివరి అరగంటలో దూరపు కేసు వస్తే దిగవలసిన జట్టు బదులు ఎక్కవలసిన జట్టు పోయేలా, వారిని అరగంట ముందే పాయింటుకు రమ్మనవచ్చు. పగలు, రాత్రి డ్యూటీలను నెల ముందే రాసి చేతికిస్తే ఇంట్లోవారు పెళ్ళికో, బడిలో సమావేశానికో, ఆసుపత్రికో ముందుగా ఏర్పాటు చేసుకుంటారు. రాత్రి డ్యూటీ ముగిసిన వెంటనే మరో డ్యూటీ వేయకూడదు. పాయింటు దగ్గర నడుము వాల్చడానికి ఒక గది, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. పసివాడి చావును కళ్ళారా చూసిన మనిషిని మరునాడు పిలిచి, నాలుగు మాటలు మాట్లాడే పెద్దదిక్కు ఒకరుండాలి.

గ్రామస్థులు చేయగలిగింది

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయాలి. ఊరి వంతు కూడా కొంత ఉంది. జ్వరానికి, చెకప్‌కు, ఉత్తుత్తి పందేలకు 108కి ఫోను చేయడం మానాలి. అలాంటి ఒక్క ఫోనుతో బండి వృథాగా తిరుగుతుంది, అసలు ఆపదలో ఉన్నవాడు కాచుకోవలసి వస్తుంది, సిబ్బంది రోజు మరింత పొడుగవుతుంది. ఫోను చేసినప్పుడు ఊరు, మండలం, గుర్తుగా బడో గుడో స్పష్టంగా చెప్పాలి. మెయిన్ రోడ్డు మీదికి ఒక మనిషిని పంపాలి. రాత్రిపూట తండా దారిలో టార్చిలైటుతో ఒకరు నిలబడితే పది నిమిషాలు కలిసివస్తాయి. ఆలస్యమైందని సిబ్బంది మీద చేయి చేసుకోవడం అన్నిటికన్నా అన్యాయం. ఆ మనిషి ఎన్ని గంటలుగా బండి దిగలేదో ముందు అడగాలి.

గ్రామసభలో, మండల సమావేశంలో సర్పంచులు, వార్డు సభ్యులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మా మండలానికి బండి ఉందా అని అందరూ అడుగుతున్నారు. ఆ బండిలో ఎక్కే మనుషులు ఎందరు, వారు వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారు అని కూడా అడగాలి. ఎమ్మెల్యేలు, జిల్లా అధికారులు దీనికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఆ తండాలో పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటో రోజున తొట్టెల చేస్తారు. పైలట్‌ను కూడా పిలుస్తారు. అభిమానంగా పిలిచినా అతడు రాలేడు. ఆ రోజూ అతనికి డ్యూటీ ఉంటుంది. తన ఇంటి తొట్టెలకే పోలేనివాడు తండా తొట్టెలకు ఎలా పోగలడు? వారానికి 48 గంటల పని అనే ఒక్క నిబంధన పెట్టి, బండికి ముగ్గురు మనుషులను పెంచితే ఈ రెండు వేడుకలకూ అతడు పోగలుగుతాడు. అంతకన్నా ముఖ్యం, ఈసారి అర్ధరాత్రి తండాకు బండి వచ్చినప్పుడు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి కడుపునిండా నిద్రపోయి వచ్చినవాడై ఉంటాడు.